కుబేరపురానికి వేసిన మార్కులు

శారదమ్మ తమిళనాడులోని గుడియాత్తంలో ముప్పైనాలుగేళ్ళు తెలుగు టీచరుగా పనిచేసింది. చేరిన కొత్తలో తరగతికి నలభై మంది పిల్లలు. రిటైరయ్యే ఏటికి బడి మొత్తం మీద తెలుగు చదివేవాళ్ళు నలుగురు మిగిలారు. ఆ నలుగురిలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. చెల్లెలికి జ్వరం వస్తే అక్క కూడా ఇంట్లోనే ఉండిపోయేది. ఆ రోజు బడిలో తెలుగు సగానికి పడిపోయేది.

రిటైరైనా మార్కులు వేసే అలవాటు ఆమెను వదల్లేదు. పెళ్ళికి వెళితే సాంబారుకు, బస్సెక్కితే డ్రైవరుకు, ఆస్పత్రికి పోతే డాక్టరు చేతిరాతకు మనసులోనే పదికి ఇన్ని అని వేసేసేది. భర్త ఎల్లప్పకు పెళ్ళైన కొత్తలో ఆరున్నర వేసింది. ఆయన చాలాకాలం లుంగీల దుకాణం నడిపి, దాన్ని తమ్ముడికి అప్పగించి, ఇప్పుడు వసారాలో పేపరు చదువుకుంటూ ఉంటాడు. నలభై ఏళ్ళుగా ఆ ఆరున్నర మీదే కాలం గడుపుతున్నాడు. పెంచమని ఎప్పుడూ అడగలేదు.

వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు జయకుమార్ వేలూరు పక్కన సత్తువాచారిలో ఒక సర్కారు ఆఫీసులో పనిచేస్తూ, భార్య యోగితతో అక్కడే అద్దెకుంటున్నాడు. ఒక ఆదివారం వచ్చి, అందరం కలిసి ఉండేటట్టు వేలూరు దగ్గర ఒక ఇల్లు కొందామన్నాడు.

“నీది ఏ ఊరప్పా అని ఆఫీసులో అడుగుతారు. గుడియాత్తం అంటా. లుంగీలా, అగ్గిపెట్టెలా అంటారు. మనిషికి ఒక అడ్రస్ ఉండాల గదమ్మా,” అన్నాడు.

“ఉండాది గదరా. ముప్పైనాలుగేండ్లు నా జీతం ఆ అడ్రస్‌కే వచ్చినాది,” అంది శారదమ్మ.

అయినా కొడుకు మాట కాదనలేకపోయింది. యోగిత అప్పటికే తావు కూడా చూసిపెట్టింది. కుబేరపురం.

సత్తువాచారి దాటి హైవే వెంట కొంత దూరం పోతే కుబేరపురం వస్తుంది. ముప్పై ఏళ్ళ కిందట అది వేరుశెనగ చేను. దాన్ని కొన్న ప్రమోటరు ముందుగా ముత్తు నగర్ వేశాడు. అది బాగా అమ్ముడుపోతే పదేళ్ళకు పవళ నగర్ వేశాడు. అదీ అమ్ముడుపోతే ఈమధ్య వైర నగర్ వేశాడు. ముత్యం, పగడం, వజ్రం అన్నమాట. మూడింటికీ మూడు సంఘాలు, మూడు వినాయకుడి గుళ్ళు, మూడు వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి. వానొస్తే మాత్రం ముత్తు నగర్ నీళ్ళు పవళ నగర్‌లోకి, అక్కణ్ణించి వైర నగర్‌లోకి ఏ సంఘం తీర్మానం లేకుండానే పోతాయి.

“చూడకుండా నేను సంతకం పెట్టను. పేపరు దిద్దకుండా మార్కులు యాడన్నా ఏస్తారా?” అంది శారదమ్మ. అరవై పేజీల నోటుబుక్కు ఒకటి, ఎర్ర ఇంకు పెన్ను ఒకటి సంచిలో పెట్టుకుంది.

జయకుమార్‌కు ఒక పాత జీపు ఉంది. సర్కారువాళ్ళు వేలంలో అమ్మేస్తే కొన్నాడు. ముందువైపు రాసిన అక్షరాలు గీకించాడు గానీ అవి పూర్తిగా పోలేదు. అల్లంత దూరం నుంచి చూస్తే అది ఇంకా సర్కారు జీపులాగే ఉంటుంది. ఆ జీపులో వరసగా మూడు ఆదివారాలు శారదమ్మ కుబేరపురం తిరిగింది.

మొదటి ఆదివారం ముత్తు నగర్. అక్కడి సంఘం సెక్రటరీ గోపాలకృష్ణన్, బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. పొన్నై వైపు తెలుగు కుటుంబం. చిన్న గ్లాసుల్లో కాఫీ ఇచ్చి, వీధి వైపు చెయ్యి చూపించాడు. వీధిలో వేపచెట్లు, మూసిన గేట్లు తప్ప ఏమీ లేవు.

“మా నగర్‌లో శబ్దం అనేదే ఉండదు మేడం. ఎవురన్నా గెట్టిగా తుమ్మినా సంఘానికి లెటర్ వస్తాది,” అన్నాడు గర్వంగా. “పవళ నగర్ చూసినారా? చూడబాకండి. అంతా యాపారం చేసేవాళ్ళు. ఇంట్లో మాట్లాడినా బజార్లో మాట్లాడినట్టే ఉంటాది.”

అప్పుడే వెనక గదిలోంచి ఒక ముసలి గొంతు వినబడింది. “ఎవురు నాయనా వచ్చిండేది? తెలుగు మాట్లాడతా ఉండారే.”

“ఒణ్ణుమిల్లమ్మా, ఏమీ లేదు, నువ్వు పడుకో,” అని గోపాలకృష్ణన్ లేచి ఆ తలుపు దగ్గరికి వేశాడు. “మా అమ్మ మేడం, రుక్మిణమ్మ. ఎనబై దాటినాయి. ముందర కూసోబెడితే పొయ్యేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ పిలస్తాది. ఇక్కడ ఎవురూ అట్ల చెయ్యరు.”

శారదమ్మ నోటుబుక్కులో నీడకు తొమ్మిది, మంచినీళ్ళకు ఏడు, రోడ్డుకు ఎనిమిది వేసింది.

రెండో ఆదివారం పవళ నగర్. అక్కడ కన్నప్పది పెద్ద ఇల్లు. వేలూరులో టైల్సు దుకాణం ఉంది ఆయనకు. గోడలకు టైల్సు, మెట్లకు టైల్సు, వాకిట్లో టైల్సు, ఆఖరుకు కొబ్బరిచెట్టు మొదలుకు కూడా నడుము ఎత్తున టైల్సు అంటించాడు.

“చూసి రాండమ్మా, జారతాది,” అంటూనే ఎదురొచ్చాడు. కూర్చున్నాక అడగకుండానే మొదలుపెట్టాడు. “ముత్తు నగర్ పోయొచ్చినారంట గదా. అది పింఛను నగర్ అమ్మా. ఆడ ఎవురన్నా నవ్వితే యాడ నొప్పి అని అడగతారు. ఈడ చూడండి, జనరేటరు ఉండాది, మూడంతస్తులు ఉండాది, పండగొస్తే లైట్లు. వైర నగర్ అంటారా, అది చెరువు. వానాకాలం వచ్చి చూడండి, వాళ్ళు వజ్రాలు యాడ కడగతారో.”

ఆయన మాట్లాడుతున్నంతసేపూ మేడ మీద ఎవరో గోడకు డ్రిల్లింగు చేస్తున్నారు. పక్కింట్లోనూ చేస్తున్నారు. శారదమ్మ ప్రశాంతతకు రెండు వేసింది. కన్నప్ప పెట్టిన మురుకులు బాగుండడంతో దాన్ని రెండున్నర చేసింది.

మూడో ఆదివారం వైర నగర్. గేటు దగ్గర సెక్యూరిటీవాడు ఒక రిజిస్టరు ముందుకు తోశాడు. పేరు, ఊరు, ఎవరిని చూడాలి, ఎందుకు చూడాలి, ఎంతసేపు చూడాలి, రక్తం గ్రూపు. శారదమ్మ అన్ని గళ్ళూ వరసగా నింపి లోపలికి వెళ్ళింది.

లోపల డాక్టర్ సుజిత కలిసింది. చర్మం డాక్టరు, ఒంటరిగా ఉంటుంది. ఇంట్లో లిఫ్టు ఉంది. ఆమె తెలుగు సగం, తమిళం సగం మాట్లాడింది. “మా నగర్ కంప్లీట్‌గా వేరే ఆంటీ. యారూ ఉళ్ళే వరముడియాదు, ఎవురూ లోపలికి రాలేరు. కూరలమ్మే కుప్పమ్మ కూడా గేటు బయటే నిలబడి ఫోన్ చెయ్యాల, అరిసేది లేదు.” రోడ్డు చివర చీలమండ లోతున నిలిచిన నీళ్ళను శారదమ్మ చూపిస్తే, “అది నేచురల్ వాటర్ బాడీ,” అంది. ఫౌంటెనులో మాత్రం నీళ్ళు లేవు. అన్నీ రాసుకుని, బయటికి పోయే వేళ రాయాల్సిన గడి నింపడానికి శారదమ్మ నోటుబుక్కును గేటు దగ్గర బల్ల మీద పెట్టింది.

తిరిగి గుడియాత్తం చేరాక సంచి వెతికితే నోటుబుక్కు కనబడలేదు. జీపులో వెతికారు, లేదు. “పోతే పోయింది, మార్కులన్నీ నీకు నోటికే వచ్చు గదా,” అన్నాడు ఎల్లప్ప.

తర్వాత జరిగినదంతా శారదమ్మకు వారం తిరిగాక తెలిసింది.

బల్ల మీద దొరికిన నోటుబుక్కును సెక్యూరిటీవాడు డాక్టర్ సుజితకు అప్పగించాడు. ఆమె తెరిచి చూస్తే లోపలంతా తెలుగు రాత, పక్కన ఎర్ర ఇంకులో పదికి ఇన్ని అంటూ అంకెలు. సుజిత వాళ్ళది మూడు వందల ఏళ్ళ కిందట ఇటు వచ్చిన తెలుగు కుటుంబమే. అమ్మతో తెలుగే మాట్లాడుతుంది. చదవడం మాత్రం రాదు. ఇది ఎవరిదని అడుగుతూ ఫోటోలు తీసి మూడు నగర్ల గ్రూపుల్లోకి పంపింది.

గంటలోపు ఎవరో జీపును గుర్తుచేశారు. ఇంకెవరో జయకుమార్ ఆఫీసును గుర్తుచేశారు. ఆ మధ్యాహ్నానికల్లా కుబేరపురమంతా ఒక మాట ఖాయమైపోయింది. సర్కారువాళ్ళు ఏ నగర్ మంచిదో రహస్యంగా తేల్చడానికి ఒక టీచరమ్మను పంపించారు, ఇల్లు చూస్తున్నామన్నది వట్టి సాకు. మొదట వచ్చిన నగర్‌కు రోడ్డు, పార్కు, ఒక బోర్డు వస్తాయి. ఆఖరున వచ్చిన నగర్‌కు ఏమొస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి భయం ఇంకా ఎక్కువైంది.

అంకెలు అందరికీ కనబడుతున్నాయి. ఏ అంకె దేనికన్నది ఎవరికీ అంతుబట్టలేదు. కుబేరపురంలో తెలుగు మాట్లాడే ఇళ్ళు నూటికి పైగా ఉన్నాయి. అక్షరాలు చదవగలిగిన ఇల్లు ఒక్కటీ తేలలేదు. ఫోనుకు చూపిస్తే అది శారదమ్మ గొలుసుకట్టు రాతను చూసి మొదట కన్నడం అంది, తర్వాత మిఠాయి అంది.

ఆ గొడవలో గోపాలకృష్ణన్ ఇంటి వెనక గదిలోంచి ముసలి గొంతు మళ్ళీ లేచింది. “ఇట్ల తే నాయనా. నేను పొన్నైలో అయిదో క్లాసు దాకా తెలుగు బడికే పోయింటి.”

శనివారం జయకుమార్ ఫోన్ చేశాడు. గొంతులో కంగారు ఉంది. “అమ్మా, ఏం రాసినావు నువ్వు? ముగ్గురు సెక్రటరీలూ నాకు ఫోన్ చేసినారు. సార్ సార్ అంటా ఉండారు. నన్ను ఆఫీసులో కూడా ఎవురూ సార్ అన్లేదు ఇంతవరకూ.”

“కాలవలు, కుక్కలు, కరెంటు. అంతే రాసింది,” అంది శారదమ్మ.

“రేపు రమ్మన్నారు. గోపాలకృష్ణన్ ఇంట్లో మూడు నగర్లవాళ్ళూ కూసోని చదివించుకుంటారంట.”

మరుసటి రోజు ఉదయం పది గంటలకు జీపు కుబేరపురంలోకి తిరిగింది. శారదమ్మకు ఊరు గుర్తుపట్టడం కష్టమైంది. కాలవల వెంట సున్నం చల్లి ఉంది. కుక్కల మెడలకు కొత్త పట్టీలు ఉన్నాయి. పవళ నగర్ మొగదల కన్నప్ప తన టైల్సు మీద ఇసక పోయించాడు. వైర నగర్ గేటు బార్లా తెరిచి ఉంది. సెక్యూరిటీవాడు జీపుకు సెల్యూట్ కొట్టాడు. జయకుమార్ తెలియకుండానే చెయ్యెత్తి, తర్వాత సిగ్గుపడి దించేశాడు.

గోపాలకృష్ణన్ హాల్లో ఇరవై మంది దాకా కూర్చుని ఉన్నారు. మూడు నగర్లవాళ్ళు ఒకే హాల్లో కూర్చోవడం అదే మొదలు. వాళ్ళ మధ్యలో, ఆ ఇంట్లో అన్నిటికంటే మంచి కుర్చీలో రుక్మిణమ్మ కూర్చుని ఉంది. కొత్త కళ్ళద్దాలు, ఉతికిన చీర, ఒళ్ళో శారదమ్మ నోటుబుక్కు. అప్పటికి నాలుగు రోజుల నుంచి రోజుకొక పేజీ చదువుతోందట. రెండో పేజీ చదవమంటే కళ్ళు మంటలంటోందట.

“వాంగ టీచరమ్మా, ఉక్కారుంగ,” అని గోపాలకృష్ణన్ ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టాడు.

రుక్మిణమ్మ వేలు పేజీ మీద పెట్టి, బడిపిల్లలాగా స్పష్టంగా చదివింది.

“ముత్తు నగర్. పలకరింపు. పదికి సున్నా. మూడో వీధిలో ఒక ముసలామెకి కాలు ఇరిగి మూడు నెలలయినాది. గోడకి ఇవతల ఉండేవాళ్ళకి ఇంకా తెల్దు.”

హాల్లో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. శారదమ్మ మెడ ముందుకు చాచింది. ఆ పేజీ ఆమెకు బాగా గుర్తుంది. అంకెలు తాను వేసినవే, కానీ అది సెప్టిక్ ట్యాంకుల పేజీ.

“ఏ ముసలామె అమ్మా?” అన్నాడు గోపాలకృష్ణన్.

“అది రాయలేదు నాయనా. ఎతుక్కోండి.” ఆమె వేలు కిందికి జరిగింది. “పవళ నగర్. ఇంటి పనికొచ్చే ఆడోళ్ళకి కూసోను తావ లేదు. నేలంతా టైల్సు. ఇప్పటికి ఇద్దురు జారి పడినారు. ఒకటిన్నర. వైర నగర్. కూరలమ్మే మనిషి గంప దించను గేటు కాడ నీడ లేదు. అర మార్కు.”

“ఆ అర మార్కు ఎందుకు అవ్వా?” అంది డాక్టర్ సుజిత చిన్న గొంతుతో.

రుక్మిణమ్మ పేజీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. “ఫౌంటెన్‌లో నీళ్ళు లేవు, అందుకే దోమలు లేవు అని ఏసినారు.”

ముప్పైనాలుగేళ్ళలో తన ఎదుట ఒకరు తప్పు చదువుతుంటే శారదమ్మ ఊరుకున్నది లేదు. నోరు తెరిచింది. రుక్మిణమ్మ కళ్ళద్దాల మీదుగా ఆమె వంక ఒక చూపు చూసి, నింపాదిగా పేజీ తిప్పింది. శారదమ్మ నోరు మూసుకుంది. ఎందుకు మూసుకుందో ఆమెకే తెలియలేదు.

“ఇంక కండ్లు మంట. టీచరమ్మా, కొంచెం చెయ్యి పట్టుకో, లోపలికి పోదాం,” అంది రుక్మిణమ్మ.

వెనక గది చిన్నది. ఒక మంచం, ఒక రేకు పెట్టె. సందులోకి తెరుచుకునే కిటికీ ఉంది. రుక్మిణమ్మ తలుపు వేయమని సైగ చేసింది.

“నువ్వు రాసిండేది నాకు చదవను రాలేదనుకోబాక. నీ అక్షరం గుండ్రంగా బాగుండాది. అంతా చదివినా.”

“మరి ఎందుకమ్మా అట్ల...”

“నువ్వు రాసిండేది బాగాలేదమ్మా.” ముసలామె నొప్పించాలని అనడం లేదు. అన్నం ఉడకలేదు అన్నట్టు చెప్పింది. “కాలవ చూసినావు, రోడ్డు చూసినావు, స్తంభాలు ఎంచినావు. ఆ కాలవ పక్కన ఉండే మనిషిని చూళ్ళేదు. నన్నూ చూళ్ళేదు. ఆ పొద్దు నేను పిలిస్తిని గదా, నువ్వు ఇనింటివి.”

శారదమ్మ మంచం అంచున కూర్చుంది. ఆ రోజు ఆ పిలుపు విన్నది నిజమే. తలుపు మూసినప్పుడు తాను నోటుబుక్కులో నీడకు తొమ్మిది వేసుకుంటూ ఉన్నదీ నిజమే.

“నీకు ఇవన్నీ ఎట్ల తెలుసు?” అని అడిగింది.

“కుప్పమ్మ ఈ కిటికీ కాడికి వస్తాది. ఆమెకి తెలీని ఇల్లు లేదు ఈడ. వైర నగర్ డాక్టరమ్మ రోజూ రెండు కాయలు కొనను అర్ధగంట మాట్లాడతాదంట, గేటు కాడికొచ్చి. ఇంట్లో ఎవురుండారు దానికి? కాలు ఇరిగినామె ఈ గోడకి అవతలే. మావోనికి చెప్పబోతే, ఇనకుండానే, పక్కింటి మాట ఎత్తబాకమ్మా, వాళ్ళ ప్రైవసీ అన్నాడు. ఎర్ర ఇంకులో ఉండాదంటే ఇన్నాడు.”

కిటికీలోంచి ఎవరో సున్నం బకెట్టు ఈడ్చుకెళ్ళే చప్పుడు వచ్చింది.

“నేను సర్కారు మనిషిని కాదమ్మా. వాళ్ళు అట్ల అనుకుంటా ఉండారు. చెప్పాల గదా,” అంది శారదమ్మ.

“చెప్పు. టీచరువి, అబద్ధం ఆడబాక,” అంది రుక్మిణమ్మ. “నేను చదివిండేది మాత్రం చెప్పొద్దు. నేను టీచర్ని కాదు.”

శారదమ్మ హాల్లోకి వచ్చి నిలబడే చెప్పింది. “అయ్యా, నన్ను ఎవురూ పంపలేదు. మేము నిజంగానే ఈడ ఇల్లు కొనుక్కోను చూస్తా ఉండాం. ఆ పుస్తకం నేను నా కోసరం రాసుకున్నది.”

ముందు వరసలో ఒకరు చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

“అంటే రిపోర్టు పైకి పోలేదా?” అన్నాడు గోపాలకృష్ణన్.

“పైన ఎవురుండారు సార్? మా ఆయన ఉండాడు. ఆయన పేపరు చదవతా ఉంటాడు.”

ముందుగా కన్నప్ప నవ్వాడు. నవ్వు ఆపి ఫోన్ తీసి, ఇసక ఊడ్చేయమని ఇంటికి చెప్పాడు. డాక్టర్ సుజిత గేటు మూయమని సెక్యూరిటీకి చెప్పింది. జయకుమార్‌ను అందాకా సార్ అన్నవాళ్ళు ఇప్పుడు తమ్ముడూ అన్నారు. రెండో విడత కాఫీ వంటింటి గడప దాకా వచ్చి వెనక్కి పోయింది.

గుడియాత్తం తిరిగొచ్చేటప్పుడు జయకుమార్ జీపును అవసరానికి మించి జోరుగా నడిపాడు. పల్లికొండ దాటాక, “ఇంక ఆ చుట్టుపక్కల మనకి ఇల్లు ఎవురిస్తారమ్మా?” అన్నాడు.

ఆ భయం మరుసటి రోజుకే తీరిపోయింది.

సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు కన్నప్ప ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడడం అలవాటు లేని మనిషి, అందుకని గుసగుస కూడా గట్టిగానే వినబడింది. “అమ్మా, ఇల్లు కొనాలన్నారు గదా. మా ఇల్లు చూసినారు గదా. ఎవురికీ చెప్పబాకండి. ఈ డ్రిల్లింగు సప్పుడికి నాకు నిద్ర లేదమ్మా నాలుగేండ్లుగా. ముత్తు నగర్‌లో ఏదన్నా దొరికితే పోదామని ఉండాది. ఆడ నిశ్శబ్దంగా ఉంటాది.”

పది గంటలకు గోపాలకృష్ణన్. “మేడం, ఇది మన మధ్యనే ఉండాల. మా ఇంట్లో మెట్లు జాస్తి, నా మోకాళ్ళు పోయినాయి. వైర నగర్‌లో అయితే లిఫ్టు ఉండాది. మీకు మా ఇల్లు నచ్చింటే చెప్పండి.”

సాయంత్రం డాక్టర్ సుజిత. చాలాసేపు విషయానికి రాలేదు. గుడియాత్తంలో వానలెట్లా ఉన్నాయని అడిగింది. ఆఖరుకు, “ఆంటీ, ఇక్కడ పండగ రోజు కూడా ఎవురూ తలుపు తట్టరు. సెక్యూరిటీ ఫోన్ చేసి విష్ చేస్తాడు, అంతే. పవళ నగర్‌లో సందడిగా ఉంటాది గదా, ఆ పక్క ఒక ఇల్లు చూస్తా ఉండా. మా ఇల్లు మీకు కావాలంటే... మిగతావాళ్ళకి తెలియవద్దు,” అంది.

శారదమ్మ ఫోన్ పెట్టేసి, జరిగింది మొగుడికి చెప్పింది. ఎవరికీ చెప్పవద్దన్న మూడు మాటలూ ఆయనకు వర్తించవని ఆమె నమ్మకం.

ఎల్లప్ప పేపరు మడిచాడు. “బ్యాంకాయన డాక్టరమ్మ ఇంట్లోకి, డాక్టరమ్మ టైల్సాయన ఇంట్లోకి, టైల్సాయన బ్యాంకాయన ఇంట్లోకి. ముగ్గురూ ఇండ్లు మార్చుకుంటే సరిపాయె గదా శారదా. నడాన మనమెందుకు?”

ఆమె ఆయన వంక కొత్తగా చూసింది. తర్వాత లోపలికి పోయి ఒక్కతే నవ్వుకుంది.

అంత తేలికగా అయ్యే పని కాదని మాత్రం ఆమెకు తెలుసు. ముగ్గురిలో ఎవరూ తమ నగర్ వదిలి పోతున్నామని పైకి చెప్పుకోలేరు. గోపాలకృష్ణన్ ఒక్కడే ఇంట్లోనైనా ఆ మాట ఎత్తాడు. రుక్మిణమ్మ, ఆ హాలు కుర్చీలోంచి లేవకుండా, అడిగిందట: “ఆ ఇంట్లో నాకు ఏ రూమురా? ముందరిదా, ఎనకదా?” నాలుగు రోజులు చదివినప్పుడు ముందుకొచ్చిన ముసలామె మళ్ళీ వెనక గదికి పోలేదు. ఉదయం ఆరింటి నుంచే వసారాలో కూర్చుంటోంది. పొయ్యేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ పిలుస్తోంది. గోడ అవతలి కాలు విరిగిన ఆమెకు వాకరు పట్టుకుని గోపాలకృష్ణనే రెండు సార్లు వెళ్ళాల్సి వచ్చింది. ఇల్లు అమ్మే మాట అంతటితో ఆగిపోయింది.

ఆయనే శారదమ్మకు మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి గుసగుసగా కాదు. “మేడం, మా మేడ మీద పోర్షన్ ఖాళీగా ఉండాది. అద్దెకైతే రాండి. మా అమ్మ రోజుకి నాలుగు సార్లు అడగతా ఉండాది, ఆ టీచరమ్మ ఎప్పుడొస్తాది అని.”

జయకుమార్‌కు అద్దె అన్న మాట నచ్చలేదు. యోగిత లెక్క వేరు. “ముత్తు నగర్ అని చెప్తే సాలు గదండీ, కింద పోర్షనా పైనదా అని ఎవురు అడగతారు?” అంది. ఎల్లప్పను అడిగితే టీ అంగడి ఎంత దూరమని అడిగాడు. నాలుగు నిమిషాలని తెలిశాక సరేనన్నాడు. శారదమ్మ ఈసారి ఏ నోటుబుక్కూ తీసుకుపోలేదు.

చేరిన మొదటి వారంలోనే కుబేరపురం పాత దారిలో పడింది. వైర నగర్ గేటు మూసే ఉంటోంది. గేటు బయట మాత్రం ఒక రేకుల నీడ వెలిసింది. దాని కింద కుప్పమ్మ గంప దించుకుంటుంది. ఎవరు వేయించారని అడిగితే డాక్టర్ సుజిత ఎండకు చర్మం పాడవుతుందని ఏదో చెబుతుంది. కన్నప్ప కనబడినప్పుడల్లా పవళ నగర్ అంత గొప్ప తావు లోకంలో లేదంటాడు. చెవుల్లో దూది పెట్టుకుని ఉంటాడు కాబట్టి ఎదుటివాళ్ళ జవాబు ఆయనకు వినబడదు.

ఒక సాయంత్రం నాలుగింటికి రుక్మిణమ్మ కింది నుంచి పిలిచింది. శారదమ్మ దిగి వచ్చేసరికి ఆమె రేకు పెట్టెను వసారాలోకి తెప్పించుకుని ఉంది. పెట్టెలోంచి నీలం రంగు ఇన్లాండు కవర్ల కట్ట ఒకటి తీసింది.

“పొన్నై నుంచి మాయన్న రాసిన జాబులు. పోయి ఇరవై రెండేండ్లయినాది. నీ రాత పెద్దది కాబట్టి చదివితిని. మాయన్నది చీమల మాదిరి ఉంటాది, ఈ కండ్లకి ఆనదు. ఈ ఇంట్లో ఎవురికీ రాదు. నువ్వు చదువు. ఉండేది ఉండేట్టు చదువు,” అంది. ఆ చివరి మాట అంటూ తనే కొంచెం నవ్వింది.

శారదమ్మ పై కవరు విప్పింది. రాత నిజంగానే చీమల బారులా ఉంది. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని, అక్కడక్కడ ఆగుతూ చదివింది.

“చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలు రుక్మిణికి అన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. చెనక్కాయలు ఈ యేడు బాగా వచ్చినాయి. నల్ల ఎనుము ఈనింది, పెయ్యదూడ. గోపాలుడు జున్ను అడిగినాడని రాసినావు. గురువారం మొదటి బస్సుకు గిన్నెలో తెస్తాను. బస్సు కాడికి వాణ్ణి పంపబాక, ఎండకు వాడికి తలనొస్తుంది. నేనే నడిచొస్తాను.”

వసారా గడప దగ్గర అలికిడైంది. గోపాలకృష్ణన్ ఎప్పుడు వచ్చాడో, తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మేనమామ పోయినప్పుడు ఆయనకు నలభై దాటాయి. ఆ కట్ట ఇంట్లో ఉన్నదని అన్నేళ్ళుగా ఆయనకు తెలుసు. అందులో తన పేరు ఉందని తెలియదు.

“ఆ గురువారం వచ్చినాడా మామ?” అని అడిగాడు తల్లిని.

“వచ్చినాడు. జున్ను నువ్వే అంతా తినింటివి. రెండు దినాలు కడుపునొప్పి,” అంది రుక్మిణమ్మ.

గోపాలకృష్ణన్ మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని, మెల్లగా వాళ్ళ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. వీధిలో పోతున్న ఎవరో ఆగి, సెక్రటరీ ఇంటి వసారాలో ఇంతమంది కూర్చున్నారేమిటని చూశారు. ఆయన వాళ్ళ వంక చూడలేదు.

“ఇంకోటి చదవండి మేడం,” అన్నాడు.

శారదమ్మ రెండో కవరు విప్పింది.